సిటీలో లీటరుకు 10.5 ఇస్తున్న టర్బో కారు: అమ్మేయాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న: నేను హైదరాబాదు మియాపూర్‌లో ఉంటాను, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. ఒకవైపు 16 కిలోమీటర్లు. ఉదయం గంట, సాయంత్రం గంట పడుతుంది. 2023లో ఇష్టపడి 1 లీటరు టర్బో పెట్రోలు ఇంజిన్, 120 హార్స్‌పవర్, డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉన్న హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. బ్రోచర్‌లో మైలేజీ 20 పైచిలుకు అని ఉంది. నాకు డిస్‌ప్లేలో సిటీలో 10.5 కనిపిస్తోంది; నెలకోసారి ఖమ్మం వెళ్ళివచ్చేటప్పుడు 16 వస్తోంది. బండిలో లోపమేమీ లేదని మెకానిక్ అంటున్నాడు. మా నాన్నగారు మాత్రం ‘పెట్రోలు తాగే బండి’ అని, అమ్మేసి మామూలు కారు తీసుకోమని పట్టుబడుతున్నారు. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాము మార్చడం) చేయిస్తే పికప్‌తో పాటు మైలేజీ కూడా పెరుగుతుందని ఒక మిత్రుడు, 100 ఆక్టేన్ పెట్రోలు పోయించమని మరో మిత్రుడు చెబుతున్నారు. టైర్లు మార్చే సమయం కూడా దగ్గరపడింది. కాస్త వెడల్పు టైర్లు వేయించాలని ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ముందుగా మీ మెకానిక్ మాటే నిజమని చెప్పాలి. మీరు రాసిన దూరం, పట్టే సమయం చూస్తే మీ సగటు వేగం గంటకు 16 కిలోమీటర్లు. ఆ వేగంలో, ఏసీ వేసుకుని, ఆటోమేటిక్ గేరుతో నడిచే 1 లీటరు టర్బో కారు పదికీ పన్నెండుకీ మధ్య ఇవ్వడం లోపం కాదు, అది దాని సహజ స్థితి. ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్, వీటికి ముందు బాలెనో ఆర్‌ఎస్, పోలో జీటీ టీఎస్‌ఐ నడిపినవారెవరిని అడిగినా నగర ట్రాఫిక్‌లో ఇంచుమించు ఈ అంకెలే చెబుతారు.

మరి బ్రోచర్‌లోని 20 ఎక్కడి నుంచి వచ్చింది? వాహనాలను పరీక్షించే ఏఆర్‌ఏఐ సంస్థ ధ్రువీకరించే ఆ అంకె రోడ్డు మీద తీసింది కాదు. కారును రోలర్ల మీద నిలబెట్టి, భారతీయ పరిస్థితులకు సవరించిన డ్రైవింగ్ సైకిల్ ప్రకారం 1180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలకు కాస్త తక్కువగా, నడుపుతారు. అందులో గరిష్ఠ వేగం 90, సగటు 32 దరిదాపుల్లో ఉంటుంది. ఏసీ ఆపేసి ఉంటుంది. వేగం పెంచే తీరు కూడా మన రోడ్ల మీద ఎవరూ నడపనంత నెమ్మది. ఒక కారును ఇంకో కారుతో పోల్చడానికి ఆ పరీక్ష పనికివస్తుంది గాని, మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడకు ఎన్ని లీటర్లు పడుతుందో చెప్పడానికి పనికిరాదు. పైగా ఈ పరీక్ష చిన్న టర్బో ఇంజిన్లకు బాగా అనుకూలిస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు గట్టిగా పడనంతసేపూ అవి నిజంగానే చిన్న ఇంజిన్లలాగే మెతుకు లెక్కపెట్టుకుని తింటాయి. కాలు పడితేనే వాటి ఆకలి బయటపడుతుంది.

మన దేశంలో పరుగు కోసం చేసిన హ్యాచ్‌బ్యాక్‌లు చాలావరకు 1 లీటరు, 1.2 లీటరు దగ్గరే ఎందుకు ఆగిపోయాయో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉంటేనే చిన్న కారు పన్ను వర్తిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ తరగతికి జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40 శాతం. 2015లో వచ్చిన అబార్త్ పుంటో 1.4 లీటర్ల ఇంజిన్‌తో 145 హార్స్‌పవర్ ఇచ్చింది, కానీ ఆ దారిలో ఎక్కువమంది నడవలేదు. ఈ పన్ను గీత వల్ల మనకు జరిగిన మేలు ఏమిటంటే, ఇక్కడి పరుగు బండి కూడా తేలిగ్గా నడిపితే మామూలు బండికి దగ్గరగా వస్తుంది. బ్రిటన్‌లో ఫియస్టా ఎస్‌టీ నడిపే మనవాళ్ళు 200 హార్స్‌పవర్‌తో గ్యాలన్‌కు 40 మైళ్ళు వస్తే సంతోషిస్తారు. అక్కడి గ్యాలన్ 4.55 లీటర్లు కాబట్టి మన లెక్కలో అది లీటరుకు 14. ఆ కారు తేలిక బరువు మీద ఉన్నప్పుడు తన మూడు సిలిండర్లలో ఒకదాన్ని నిద్రపుచ్చి మరీ ఆ అంకె తెచ్చుకుంటుంది.

ఇప్పుడు మీ పెట్రోలు ఎక్కడికి పోతోందో చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల నిలకడ వేగంతో చదునైన రోడ్డు మీద వెళ్ళడానికి మీ కారుకు కావలసింది తొమ్మిది, పది హార్స్‌పవర్ మాత్రమే. మిగిలిన నూట పది అప్పుడు ఊరికే ఉంటాయి, ఊరికే ఉన్న హార్స్‌పవర్ పెట్రోలు తాగదు. నగరంలో పెట్రోలు తాగేది వేగం కాదు, వేగాన్ని పదేపదే కొని బ్రేకు దగ్గర పారేయడం. మీతో కలిపి కారు బరువు 1200 కిలోలు అనుకుందాం. సున్నా నుంచి 60కి చేరినప్పుడు ఆ కారులో చేరే చలనశక్తి కోసం, ఇంజిన్ నష్టాలన్నీ కలుపుకొని, సుమారు 22 మిల్లీలీటర్ల పెట్రోలు ఖర్చవుతుంది. అదే 40 దగ్గర ఆగిపోతే 10 మిల్లీలీటర్లు చాలు. రెంటిలోనూ తరవాతి సిగ్నల్ దగ్గర బ్రేకు నొక్కగానే ఆ పెట్రోలంతా బ్రేకు డిస్కుల్లో వేడిగా పోతుంది. రోజు మొత్తంలో అరవై సార్లు ఇలా లేచి ఆగుతున్నారనుకుంటే (మియాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి దారిలో ఇది ఎక్కువ చేసి చెప్పిన లెక్క కాదు), 60 బదులు 40తో సరిపెట్టుకోవడంలో రోజుకు 700 మిల్లీలీటర్ల తేడా వస్తుంది. మీ ప్రస్తుత వాడకం రోజుకు మూడు లీటర్ల చిల్లర. ఎదుటి సిగ్నల్ ఎర్రగా కనిపిస్తున్నా, రెండు వందల మీటర్ల ఖాళీ దొరికింది కదా అని కాలు నొక్కే అలవాటు ఒక్కదానికీ ఇంత ఖరీదు ఉంది. ఆ సిగ్నల్ దగ్గర మీ పక్కనే వచ్చి ఆగే ఆటో మీకంటే పది సెకన్లు ఆలస్యంగా వస్తుంది, అంతే.

టర్బో కారులో ఈ అలవాటు మామూలు కారులో కంటే సులభంగా అంటుకుంటుంది. 1500 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి టార్క్ అందుతుంది కాబట్టి కాలు కొంచెం కదిపితే చాలు, బండి ముందుకు దూకుతుంది. ఆ దూకుడు ఖరీదు వెంటనే తెలియదు. కాలు ఇంకా గట్టిగా పడితే కథ మరీ మారుతుంది. మామూలుగా ఇంజిన్ గాలికీ పెట్రోలుకూ ఒక కచ్చితమైన నిష్పత్తి పాటిస్తుంది. శుద్ధమైన పెట్రోలుకు అది బరువులో 14.7కి 1. కానీ బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి పీడనం) పూర్తిగా ఎక్కి, వేడి పెరిగినప్పుడు టర్బైనునూ, ఎగ్జాస్టులోని కేటలిటిక్ కన్వర్టర్‌నూ కాపాడటానికి ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) అవసరానికి మించిన పెట్రోలు చిమ్ముతుంది. ఆ అదనపు పెట్రోలు బండిని నడపడానికి కాదు, చల్లబరచడానికి. ఓఆర్‌ఆర్ ర్యాంపు మీద చేసే ఒక్క పూర్తి పరుగు మీకు ఆనందం ఇస్తే నేను వద్దనను. నెలకు నాలుగైదు సార్లు అలా చేస్తే జేబుకు తెలియను కూడా తెలియదు. తెలిసేది రోజూ అరవై సార్లు చేసే చిన్న పరుగులు.

కాలు తేలిగ్గా పెట్టమన్నానని మరీ పొరబడి, పాడిల్ షిఫ్టర్లతో 40 దగ్గరే బలవంతంగా పై గేరు వేసి అందులో కాలు తొక్కకండి. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ భారం మోపితే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో స్పార్క్ పడకముందే మిశ్రమం మండే ప్రమాదం ఉంటుంది. పిస్టన్లకు అది చాలా చెడ్డది. గేర్ల సంగతి డీసీటీకే వదిలేయండి. నార్మల్ లేదా ఈకో మోడ్‌లో పావు వంతు కాలు పెడితే అది 2000 ఆర్‌పీఎం లోపే పై గేరుకు మారిపోతుంది. స్పోర్ట్ మోడ్ నగరంలో దండగ. గేరును కింద పట్టి ఉంచడమే దాని పని.

ఆగి ఉన్నప్పటి ఖర్చు రెండోది. ఏసీతో ఐడిల్‌లో ఉన్న మీలాంటి కారు గంటకు 800 మిల్లీలీటర్ల వరకు కాలుస్తుంది. మీ రెండు గంటల ప్రయాణంలో అరగంట కదలకుండా ఉన్నా 400 మిల్లీలీటర్లు అయిపోతాయి, రోజు వాడకంలో అది ఎనిమిదో వంతు. బండి ఆగగానే ఇంజిన్‌ను దానంతట అదే ఆపేసే ఐడిల్ స్టాప్ బటన్‌ను చాలామంది కారు ఎక్కగానే ఆపేస్తారు. మీ కారులో ఆ సౌకర్యం ఉంటే ఆపకండి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ భారం వల్ల అది ఎలాగూ సరిగా పనిచేయదు, మిగతా నెలల్లో పనిచేస్తుంది. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే అద్దాలన్నీ దించి ఒక నిమిషం నడిపి, లోపలి వేడి బయటికి పోయాక ఏసీ వేసుకోవడం కూడా తెలిసిన సంగతే. ఏసీ లేకుండా ఆఫీసుకు వెళ్ళమని మాత్రం హైదరాబాదులో నేనెవరికీ చెప్పను.

డీసీటీ విషయంలో ఇంకో సంగతి ఉంది. మీ తరగతి కార్లలో వాడే ఏడు గేర్ల డీసీటీల్లో చాలావరకు డ్రై క్లచ్ రకం. ముందు బండి మీటరు కదిలితే మీరూ మీటరు కదిలే పద్ధతిలో క్లచ్ సగం పట్టి సగం జారుతూ ఉంటుంది. పెట్రోలూ పోతుంది, క్లచ్ ప్లేట్లూ అరుగుతాయి. ముందు మూడు నాలుగు కార్ల జాగా ఏర్పడేదాకా బ్రేకు నొక్కి ఉంచి, తరవాత ఒకేసారి కదలండి. వెనకాల హారన్లు మోగుతాయి, మోగనివ్వండి. ఆ జాగాలోకి ఒక బైకు దూరుతుంది, దూరనివ్వండి. క్లచ్ మార్పించడానికయ్యే ఖర్చు ముందు ఈ పెట్రోలు లెక్కలన్నీ చిన్నవే.

సాయంత్రం పిల్లల్ని దింపడం, కూరగాయలకు వెళ్ళడం లాంటి రెండు కిలోమీటర్ల పనులకు కూడా ఇదే కారు తీస్తున్నారేమో మీరు రాయలేదు. తీస్తుంటే మానేయండి. చల్లబడిన ఇంజిన్ సరైన వేడికి రావడానికి మూడు నుంచి ఐదు కిలోమీటర్లు పడుతుంది, అంతదాకా అది పెట్రోలు ఎక్కువ తీసుకుంటుంది. అంత చిన్న దూరంలో లీటరుకు ఆరో ఏడో వచ్చినా ఆశ్చర్యం లేదు, అది సగటులో కలిసి మీ డిస్‌ప్లే అంకెను కిందికి లాగుతుంది. ఇంట్లో స్కూటీ ఉంటే ఆ పని దానిది.

డిస్‌ప్లే అంకెను పూర్తిగా నమ్మకండి. చాలా కార్లలో అది నిజం కంటే ఐదు నుంచి పది శాతం ఎక్కువ చూపిస్తుంది. సరైన లెక్కకు పాత పద్ధతి ఒక్కటే: ఫుల్ ట్యాంక్ కొట్టించండి, నాజిల్ మొదటిసారి ఆటో కట్ కాగానే ఆపించండి, ట్రిప్ మీటరు సున్నా చేయండి, ట్యాంకు పావు వంతుకు వచ్చాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్ళీ మొదటి ఆటో కట్ వరకు పోయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఇక్కడ అందరూ పడే గోతి ఒకటుంది. ఆటో కట్ అయ్యాక బంకు కుర్రాడు ‘రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్’ అంటాడు; సరేనన్నామంటే మరో లీటరు మెడ వరకు ఎక్కుతుంది, లెక్కంతా చెడుతుంది. వద్దని చెప్పి, చిల్లరతో సహా ఫోన్‌లో కట్టేయండి. ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పకుండా కనీసం మూడు ట్యాంకుల సగటు చూడండి.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) గురించి మీరు అడగలేదు గాని, మీ అంకెలో దాని వాటా ఉంది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. ఐదో వంతు ఇథనాల్ కలిసిన లీటరులో శుద్ధ పెట్రోలు కంటే ఆరు, ఏడు శాతం శక్తి తక్కువ ఉంటుంది. పది శాతం ఇథనాల్ ఉండే ఈ10తో పోలిస్తే తేడా మూడు, నాలుగు శాతం. నీతి ఆయోగ్ నిపుణుల కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక కూడా ఈ20 వాడితే ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై ఈ10కి సర్దిన కార్లలో ఆరు, ఏడు శాతం, ఈ10 కోసం తయారై ఈ20కి సర్దిన కార్లలో ఒకటి, రెండు శాతం మైలేజీ తగ్గుతుందని చెప్పింది. 2023 ఏప్రిల్ తరవాత తయారైన కారైతే ఇథనాల్ వల్ల పైపులు, సీళ్ళు పాడవుతాయన్న బెంగ అక్కర్లేదు. లీటరుకు అర కిలోమీటరు అక్కడ పోయిందని రాసుకుని వదిలేయండి. దాని మీద మనం చేయగలిగింది లేదు.

ఖమ్మం దారిలో 16 రావడం మాత్రం నాకు తక్కువగా అనిపించింది. చౌటుప్పల్, నకిరేకల్ మీదుగా సూర్యాపేట దాకా 65వ నంబరు జాతీయ రహదారి, అక్కడి నుంచి ఖమ్మానికీ నాలుగు వరసల రోడ్డే. మీ కారు ఆ దారిలో 18, 19 ఇవ్వాలి. ఇవ్వడం లేదంటే మీరు 110 దరిదాపుల్లో వెళ్తున్నారని నా అనుమానం. నాలుగు వరసల జాతీయ రహదారి మీద కార్లకు పరిమితి 100, ఆ సంగతి అలా ఉంచి గాలి సంగతే చూడండి. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది: 80 దగ్గర ఉన్నది 120 దగ్గర రెండుంపావు రెట్లవుతుంది. 80కి పది హార్స్‌పవర్ లోపు చాలితే, 100కి పదిహేను పైన, 120కి పాతిక కావాలి. సిటీలో కాలు చేసే నష్టం ఇక్కడ గాలి చేస్తుంది. 90 దగ్గర క్రూయిజ్ కంట్రోల్ పెట్టి వెళ్తే 200 కిలోమీటర్లకు 110తో వెళ్ళిన దానికంటే కాగితం మీద 24 నిమిషాలు ఆలస్యమవుతుంది. పంతంగి, కొర్లపహాడ్ టోల్ గేట్లు, లారీల వెనక పడిగాపులు కలుపుకుంటే నిజంలో పదిహేను నిమిషాలకు మించదు. ఒకవైపుకు మిగిలేది దాదాపు రెండు లీటర్లు. ఆ పదిహేను నిమిషాలకు దాదాపు రెండు వందల రూపాయలు పెట్టాలో లేదో మీ ఇష్టం. పిల్లలు వెనక సీట్లో ఉన్నప్పుడు నేనైతే పెట్టను.

ఇక అసలు ప్రశ్న, నాన్నగారి మాట. అంకెలు పక్కపక్కన పెట్టకుండా దీనికి జవాబు చెప్పకూడదు. నెలకు 22 పనిదినాలకు మీ సిటీ తిరుగుడు 704 కిలోమీటర్లు, ఖమ్మం రానూపోనూ 420 అనుకుందాం. మీరు రాసిన మైలేజీలే తీసుకుంటే నెలకు 93 లీటర్లు. లీటరు 108 రూపాయల లెక్కన పదివేలు దాటుతుంది. మీ స్థానంలో మామూలు 1.2 లీటర్ల ఆటోమేటిక్ హ్యాచ్‌బ్యాక్ ఉంటే సిటీలో 13.5, హైవేలో 19 ఇస్తుందనుకుందాం. దానికి 74 లీటర్లు, ఎనిమిది వేలు. తేడా నెలకు రెండు వేల పైచిలుకు, ఏడాదికి పాతిక వేల లోపు. నాన్నగారు చెబుతున్నది ఈ పాతిక వేల గురించి, అది చిన్న మొత్తమని నేను అనను.

కానీ కారు మార్చడానికయ్యే ఖర్చు ఆయన లెక్కలోకి వచ్చినట్టు లేదు. ఎనిమిది లక్షల కొత్త కారు తీసుకుంటే తెలంగాణలో లైఫ్ ట్యాక్సే లక్ష దాటుతుంది. అంటే పెట్రోలులో మిగిలే సొమ్ము ఆ ఒక్క పన్నుకే నాలుగేళ్ళు సరిపోతుంది. మీ కారును మార్కెట్లో అమ్మినప్పుడు పోయేది, కొత్త ఇన్సూరెన్సు, లోను ఉంటే దాని వడ్డీ, ఇవన్నీ ఇంకా పక్కనే ఉన్నాయి. కొనేటప్పుడే ఈ ప్రశ్న అడిగి ఉంటే, రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో గడిపే మనిషికి ఈ తరగతి కారు కొనమని నేను చెప్పేవాణ్ని కాదు. హైబ్రిడ్‌నో, ఇంట్లో చార్జింగుకు వీలుంటే ఎలక్ట్రిక్‌నో చూడమనేవాణ్ని. కొన్న తరవాత మైలేజీ కోసం అమ్మడం మాత్రం దండగ. కాలు, దూరం, హైవే వేగం సరిచేసుకుని సిటీలో 12కి దగ్గరగా, హైవేలో 18.5 తెచ్చుకుంటే మీ వాడకం 82 లీటర్లకు దిగుతుంది. మామూలు కారుతో తేడా నెలకు ఎనిమిది వందల చిల్లర మిగులుతుంది. అదే పొదుపు ఆ మామూలు కారులోనూ చేయవచ్చు కదా అని నాన్నగారు అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. మీ కారు మీద మీకున్న ఇష్టానికి మీరు ఎంత చెల్లించగలరన్నదే అప్పుడు ఆయనకు మీరు చెప్పవలసిన జవాబు.

రీమ్యాప్ వద్దు. తేలిగ్గా నడిపేటప్పుడు మీ ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ చూసుకుంటూ మిశ్రమాన్ని క్షణక్షణం సరిచేస్తూనే ఉంటుంది; అక్కడ రీమ్యాప్ కొత్తగా మిగిల్చేది దాదాపు లేదు. అది చేసేదల్లా కాలు గట్టిగా పడినప్పుడు బూస్ట్ పెంచడం. మైలేజీ పెరిగిందని చెప్పేవారిలో చాలామంది డిస్‌ప్లే అంకెనే చూస్తారు. వారంటీ పోతుంది, ఇన్సూరెన్సు వారికి చెప్పకపోతే క్లెయిము దగ్గర చిక్కు రావచ్చు, పైగా కంపెనీ ఇచ్చిన టార్క్‌కు తగ్గట్టు చేసిన డ్రై క్లచ్ మీద భారం పెరుగుతుంది. మైలేజీ కోసం బయట సీఎన్‌జీ కిట్ వేయించమని ఎవరైనా చెబితే అది కూడా వినకండి. మీది డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే పెట్రోలు పారుతుంటేనే ఆ ఇంజెక్టర్లు చల్లగా ఉంటాయి.

100 ఆక్టేన్ పెట్రోలు మీద కూడా నా జవాబు అదే. ఆక్టేన్ అంటే శక్తి కాదు, పీడనంలో ముందుగా మండిపోకుండా నిలిచే గుణం. ఈ20కి నిర్దేశించిన కనీస ఆక్టేన్ 95; మీ ఇంజిన్‌కు అది చాలు. ఇథనాల్ అసలే లేని పెట్రోలు దొరికిందనుకున్నా లీటరులో దక్కే అదనపు శక్తి ఏడు శాతం, పెట్టే అదనపు ధర యాభై శాతానికి అటూ ఇటూ. ఆ డబ్బుతో సమయానికి ఇంజిన్ ఆయిల్ మార్పించండి, అదీ మాన్యువల్‌లో రాసిన గ్రేడుదే. ఎయిర్ ఫిల్టర్ మురికిపడితే ఇలాంటి ఇంజిన్లలో పికప్ తగ్గుతుంది గాని మైలేజీ పెద్దగా తగ్గదు. స్పార్క్ ప్లగ్గులు అరిగితే రెండూ తగ్గుతాయి.

టైర్ల సంగతి. మీ తరగతి కార్లకు కంపెనీ 195/55 ఆర్16 లేదా 185/60 ఆర్16 కొలత ఇస్తుంది. 205, 215 వేయిస్తే పట్టు కొంచెం పెరుగుతుంది, కారు చూడటానికి బాగుంటుంది, మైలేజీ తప్పకుండా తగ్గుతుంది. టైరు బరువు, రోడ్డుకు ఆనే వెడల్పు రెండూ పెరుగుతాయి. చుట్టుకొలత మారితే మీ కిలోమీటర్ల రీడింగే తప్పవుతుంది, అప్పుడు మైలేజీ లెక్క కూడా తప్పే. కాబట్టి కంపెనీ కొలతే ఉంచి, తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్ ఉన్న మంచి రకం టైరు ఎంచుకోండి. మన దేశంలో కూడా కార్ల టైర్లకు స్టార్ లేబుల్ వస్తోంది, కొనేటప్పుడు అది చూడండి. డ్రైవరు వైపు తలుపు తీస్తే పక్కనున్న స్టిక్కరు మీద గాలి ఎంతుండాలో రాసి ఉంటుంది. రెండు వారాలకోసారి, ఉదయం బండి చల్లగా ఉండగా, ఇంటికి దగ్గరి బంకులో ఆ అంకెకే నింపించండి. ఖమ్మం బయలుదేరే ముందు, వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను ఉంటే, అదే స్టిక్కరు మీద పూర్తి లోడుకు రాసిన అంకె ఎంతో చూసి ఆ మేరకు పెట్టించండి.